నర్తకి బొమ్మకు భాష్యం: రిబ్బన్ కత్తిరించే పెద్దలకు సూచనలు

నెల్లూరులో బొమ్మల ప్రదర్శన ప్రారంభించడమంటే చిన్న బాధ్యత కాదు. పెన్సిలు గీతల మీద నీటిరంగులు పూసిన నర్తకి ముందు నిలబడి 'బాగుంది' అని ఊరుకుంటే పిలిచినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. భాష్యం చెప్పాలి.

పావడా మీద కాలీఫ్లవర్ అంచులున్న మరక కనిపిస్తే 'విశ్వం విచ్చుకుంటోంది' అనండి. పూసిన రంగు సగం ఆరాక మళ్లీ నీళ్ల కుంచె తగిలితే, ఆ కొత్త నీళ్లు రంగును అంచులకు నెట్టేస్తాయి. అదే ఆ మరక. నవంబరు వాయుగుండంలో మన దగ్గర పూత ఒక పట్టాన ఆరదు, చిత్రకారుడికా ఓపిక ఉండదు. అందుకే జిల్లాలో విశ్వం ఎక్కువగా నవంబరులోనే విచ్చుకుంటుంది.

కాగితం అలలు తిరిగి ఉంటే మైపాడు బీచి గుర్తొచ్చిందనకండి, మరీ లోకల్ అయిపోతుంది. 'లయ' అనండి. 300 జీఎస్ఎమ్ మందపు కాగితం ఖరీదని బడిపిల్లల డ్రాయింగ్ షీటు మీద వేస్తే, టేపుతో అట్టకు బిగించినా లయ తప్పదు.

అసలు పరీక్ష చేతులది. అసంయుత హస్తాలు, అంటే ఒంటిచేతి ముద్రలు, 28. అందులో అలపద్మం గీయాలంటే అయిదు వేళ్లూ విడివిడిగా, చిటికెన వేలి నుంచి మెలితిరుగుతూ రావాలి. రాదు. చెరిపి గీసి, గీసి చెరిపితే కాగితం పైపొర నూగులా లేస్తుంది. రంగు పడగానే అక్కడ ఎక్కువ పీల్చుకుని అరచెయ్యి మసిబారుతుంది. దాంతో చెయ్యి కొంగు చాటుకు వెళ్లిపోతుంది. మీరు దాన్ని 'అవ్యక్త అభినయం' అనాలి. పక్కనున్న డాన్సు టీచరమ్మ 'అరమండిలో, సగం కూర్చున్నప్పుడు, మోకాళ్లు పక్కలకు కదా తిరగాలి, ఇవి ముందుకున్నాయేంటండీ?' అని అడిగితే, టీలు వచ్చాయేమో చూసి రండి.

గీత ఒకచోట, రంగు ఇంకోచోట ఉంటే ఫ్రెంచి శిల్పి రొడాన్‌ను పిలవండి. కంబోడియా రాజు సిసోవత్ వెంట 1906లో ఫ్రాన్స్ వచ్చిన నర్తకీమణులను ఆయన దాదాపు 150 బొమ్మలు వేశాడు. కళ్లు నర్తకి మీదే ఉంచి చకచకా పెన్సిలు, ఆ తర్వాత పల్చటి పూత. గీత తప్పితే చెరపడు, పక్కనే ఇంకోటి గీస్తాడు. కదిలే మనిషి ఆగదు కదా, అందుకు. మన బొమ్మకు మోడలు ఫోన్లో ఫొటో. అది కదల్లేదని సభలో ఎవరూ అనకుండా చూసుకోవాలి.

ముఖం తెల్లగా వదిలేసి ఉంటే శూన్యవాదం. నీటిరంగుల్లో తెలుపంటే వదిలేసిన కాగితమే కాబట్టి ఖర్చు కూడా లేదు. ఆ వాదం చెప్పిన నాగార్జునుడి పేరు ఒక్కసారే వాడండి. రెండోసారి వాడితే వెనక కుర్రాళ్లు ఈలలేస్తారు.