మహారాజశ్రీ జిరాక్స్ కాపీ గారికి, అనంతపురం నుంచి

మహారాజశ్రీ జిరాక్స్ కాపీ గారి సముఖానికి,

అనంతపురం వాస్తవ్యుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పని లేదు. ఈ ఎండలకు కలెక్టరేట్ చుట్టుపక్కల చెట్లు వాడిపోతున్నాయి గానీ మీ అంగళ్లు మాత్రం పచ్చగా ఉన్నాయి. కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద మీ కాన్పులు సాగుతూనే ఉన్నాయి.

మీకు రోజులు దగ్గరపడ్డాయని నేను పాతికేళ్లుగా వింటున్నాను. 1998లో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. అప్పటిదాకా దస్తావేజులు చేత్తో రిజిస్టర్లలోకి ఎక్కించేవాళ్లు, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ కోసం రోజుల తరబడి తిరిగేవాళ్లం. ఆ మార్పు నిజంగానే మేలు చేసింది, కాదనను. 2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ, 2011లో మీసేవ, 2015లో పత్రాలను ఫోన్‌లోనే దాచుకునే డిజిలాకర్, 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు, 2025 జనవరి 30న 161 సేవలు వాట్సాప్‌లోనే అంటూ మన మిత్ర వచ్చాయి. ఒక్కోటి మొదలైనప్పుడల్లా ఇక కాగితాల బాధ తీరిందనుకున్నాం. మీరు మాత్రం ప్రతి ప్రారంభోత్సవం తర్వాతా కాస్త ఒళ్లు చేసి కనిపించారు. ఇప్పుడు మా ఊళ్లో ఎవరైనా మీసేవ ఎక్కడని అడిగితే, ఆ జిరాక్స్ అంగడి పక్కనే అని చెబుతున్నాం.

మా మేనమామ సంగతి మీకు తెలిసే ఉంటుంది, ఆ మధ్య మీరూ ఆయనా కలిసే తిరిగారు కదా. కళ్యాణదుర్గం వైపు ఆయనకు నాలుగెకరాల శెనక్కాయ చేను ఉంది. వాన మొహం చాటేసిన ఏడాది పంట నష్టం కింద ఏదో వస్తుందంటే ఒక ఆఫీసుకు పోయాడు. ఏ ఆఫీసో చెప్పను, మళ్లీ అక్కడికే పోవాలి. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, పట్టాదారు పాసు పుస్తకం, ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే 1బి, అన్నీ రెండేసి సెట్లు తెమ్మన్నారు.

ఈ 1బి ప్రయాణం చూడండి సామీ. అది పుట్టింది రెవెన్యూ శాఖ కంప్యూటర్లో. మామ మీసేవకు పోయి, డబ్బు కట్టి దాన్ని ప్రింటు తీయించాడు. పక్క అంగట్లో ఆ ప్రింటు మీ అవతారం ఎత్తింది. మీరు మామ చంకలోని ప్లాస్టిక్ కవర్లో ఎక్కి, బస్సులో నిలబడి, ఆ ఆఫీసు చేరారు. అక్కడి ఆపరేటర్ మిమ్మల్ని పక్కన పెట్టుకుని, చూసి చూసి మళ్లీ కంప్యూటర్లోకి టైపు చేశాడు. అంటే ప్రభుత్వం దగ్గర ఉన్న సమాచారమే ప్రభుత్వం దగ్గరికి చేరింది. ఆ రెండు కంప్యూటర్లనూ కలపడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. మామ ఉన్నాడు కదా, అరవై దాటినా కాళ్లు బాగానే ఉన్నాయి.

టైపు చేసేటప్పుడు ఆయన పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. దాంతో ఆధార్‌లో ఒక మనిషి, ఈ ఆఫీసు కంప్యూటర్లో ఇంకో మనిషి తయారయ్యారు. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారు. తప్పు చేసింది కీబోర్డు, ప్రమాణం చేయాల్సింది మామ. ఆ అఫిడవిట్‌కు కూడా మీరే, రెండు సెట్లు.

పేజీకి రెండు రూపాయలేగా, దీనికింత రాద్ధాంతమా అని మీరు అనవచ్చు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. 2025-26లో ఆ పథకం కింద మన రాష్ట్రంలో రోజు కూలీ 307 రూపాయలు. ఒక అక్షరం కోసం కూలి మనిషి ఒక రోజు పని మానుకుంటే పోయేది రెండు రూపాయలు కాదు. బస్సు చార్జీలు వేరే. ఈ లెక్క ఏ శాఖ పద్దులోనూ పడదు, ఎందుకంటే ఖర్చు పెట్టేది ఆ శాఖ కాదు.

మామ తరఫున ఒకసారి నేనూ పోయాను. చదువుకున్నవాణ్ణి కదా, ఫోన్‌లో డిజిలాకర్ తెరిచి ఆధార్ చూపించాను. ఐటీ చట్టం కింద 2016లో చేసిన నియమాల ప్రకారం డిజిలాకర్‌లో జారీ అయిన పత్రం ఒరిజినల్‌తో సమానమని కూడా వివరించాను. గుమస్తా గారు ఎంతో శ్రద్ధగా విన్నారు. ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశారు.

"చానా బాగుంది సార్. దీన్ని జిరాక్స్ తీయించుకుని రాండి."

సరేనని అంగడికి పోయాను. ఆ పిల్లోడు గోడ మీద నంబరు చూపించి, దానికి వాట్సాప్ చేయమన్నాడు. చేశాను. అప్పటినుంచి మా కుటుంబం ఆధార్లన్నీ అతని కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ అనే చోట కాపురం ఉంటున్నాయి. సగం ఊరు అక్కడే ఉంది లెండి, మాకేం తోడు కరువు కాదు.

ఈ విషయంలో మీ పలుకుబడి తలచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ జిరాక్స్ ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకండి, దుర్వినియోగం కావచ్చు, కావాలంటే చివరి నాలుగు అంకెలే కనిపించే కాపీ వాడండి అని. ఎల్లుండికల్లా, అంటే మే 29న, జనం అపార్థం చేసుకునే అవకాశం ఉందని కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. మీ మీద ఒక్క మాట పడితే అది రెండు రోజులు కూడా నిలవలేదు. 2025 ఏప్రిల్లో కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవ్ కొత్త ఆధార్ యాప్ చూపించి, ఇక హోటళ్లలో జిరాక్స్ ఇవ్వనక్కర్లేదన్నారు. మీరు నవ్వుకునే ఉంటారు.

మీ అందం గురించి కూడా ఒక మాట. ఆధార్ కార్డు మీద ఉన్న క్యూఆర్ కోడ్‌లో డిజిటల్ సంతకం ఉంటుంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే కార్డు అసలుదో నకిలీదో క్షణంలో తెలిసిపోతుంది. అదెవరూ చేయరు. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ తీసి, మొహం బొగ్గుముద్దలా మారాక మీరు పోతే మాత్రం ఠక్కున నమ్ముతారు. ఆ నల్లటి మరక నేనేనని కింద నేనే సంతకం పెట్టాలి. ఒకప్పుడు గెజిటెడ్ అధికారి పచ్చ సిరాతో పెట్టేవాడు. ఇప్పుడు నన్ను నేనే ధ్రువీకరించుకుంటున్నాను. ఇదీ సంస్కరణే, ఒక బస్సు చార్జీ మిగిలింది.

మీ పుట్టుక గొప్పదే, అది దాచను. 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని అస్టోరియాలో చెస్టర్ కార్ల్సన్ మిమ్మల్ని కన్నాడు. పేటెంట్ పనిలో కాగితాలకు నకళ్లు రాసీ రాసీ విసిగిపోయిన మనిషి ఆయన. గంధకం పూసిన జింకు పలకను రుమాలుతో రుద్ది, పొడి చల్లి, మైనపు కాగితం మీద మొదటి అచ్చు తీశాడు. మనిషి చేతికి శ్రమ తగ్గాలని పుట్టిన మీరు, మా జిల్లాకొచ్చి కాళ్లకు శ్రమ పెంచుతూ స్థిరపడ్డారు.

గుమస్తా గారి మీద నాకు కోపం లేదు. ఒక సాయంత్రం టీ అంగట్లో ఆయన అసలు సంగతి చెప్పారు. మామ ఎవరో ఆయనకు తెలుసు, చేను ఎక్కడుందో కూడా తెలుసు. జిరాక్స్ అడిగేది మామను నమ్మక కాదు. నాలుగేళ్ల తర్వాత ఆడిట్ వాళ్లు వచ్చి "దేన్ని చూసి మంజూరు చేశావు?" అంటే, కంప్యూటర్లో చూశానని చెప్తే ఒప్పుకోరట. ఫైల్లో కాగితం ఉండాలి, లేకపోతే ఆయన జీతంలోంచి రికవరీ. కాబట్టి మీరు మామకు గుర్తింపు పత్రం కాదు సామీ, గుమస్తా గారికి ఇన్సూరెన్స్. ప్రీమియం మామ కడుతున్నాడు.

కొత్త యాప్‌లు ఎన్ని వచ్చినా మీకు ఢోకా లేనిది అందుకే. యాప్ చేసేవాళ్లు హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ఉంటారు, ఆడిట్ అభ్యంతరం మా గుమస్తా గారి బల్ల మీద ఉంటుంది. ఫలానా రోజు, ఫలానా ఉద్యోగి, ఫలానా రికార్డును ఆన్‌లైన్‌లో చూశాడని కంప్యూటరే నమోదు చేసుకుంటుంది కదా, ఆ నమోదునే ఆడిట్‌లో సాక్ష్యంగా తీసుకుంటామని ఒక్క జీవో రావాలి. దానికి శాటిలైట్లు అక్కర్లేదు, కృత్రిమ మేధా అక్కర్లేదు. ఎస్తోనియా అనే చిన్న దేశం 2001లోనే శాఖల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు చేసుకుంది. ప్రభుత్వం దగ్గర ఒకసారి ఉన్న సమాచారాన్ని మళ్లీ పౌరుణ్ణి అడగకూడదనేది వాళ్ల పద్ధతి. ఒకే సమాచారం కోసం రెండో డేటాబేస్ పెట్టడాన్ని చట్టంలోనే నిషేధించుకున్నారు. అక్కడ మామకు చేసే పనే ఉండదు, పాపం.

మిమ్మల్ని రేపే వెళ్లిపొమ్మని నేను అడగడం లేదు. మీ అంగడి పిల్లోడి బతుకు గురించి బెంగ కూడా పెట్టుకోవద్దు. మన మిత్రలో ఏది నొక్కాలో తెలియని ముసలివాళ్లకు ఫోన్‌లో అర్జీ పెట్టిచ్చేది ఇప్పటికే అతను. ఓటీపీ వచ్చిందా అవ్వా అని ఓపిగ్గా అడిగేది అతను. మా వీధికి సంబంధించినంతవరకు డిజిటల్ పాలన అంటే అతనే, జీతం ఇవ్వడం లేదంతే.

నాకు కావల్సింది చిన్న సాయం. మామ అఫిడవిట్ ఇంకా ఆ ఆఫీసులోనే ఉంది. కట్టల్లో వెతకాలి, సోమవారం రమ్మన్నారు. మీ బంధువర్గమంతా ఆ బీరువాలోనే కదా ఉండేది. ఎగిరిపోయిన ఆ అక్షరం ఏ కట్టలో పడిందో ఆదివారంలోగా కనుక్కుని చెబితే, మామను ఒక్క రోజైనా చేన్లో ఉండమంటాను.

ఇట్లు,
తానెవరో మీరు చెప్తే తప్ప చెల్లని
ఒక అనంతపురం పౌరుడు