ఆరు వోల్టుల ఆత్మగౌరవం

చెన్నపట్నంలో కాపురముంటున్న తెలుగువాళ్ళలో పాత బుల్లెట్టు ఉన్న ప్రతివాడికీ ఏదో ఒకనాడు హెడ్‌లైటు మార్చాలన్న బుద్ధి పుడుతుందనీ, అది పుట్టిననాటి నుంచి అతడు ఇంట్లోవాళ్ళకు దక్కడనీ స్వానుభవంతో మనవి చేస్తున్నాను.

మా మామగారు నాకు దయచేసిన బండి, ఇప్పటి 12 వోల్టులు రాకముందు, 6 వోల్టుల కాలం నాటిది. నడుమ పెద్ద దీపం, దానికి కనుబొమల్లా అటూ ఇటూ టైగర్ ల్యాంపులనే రెండు చిన్న దీపాలు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న పెద్దలు ఈ దీపాన్ని చూసి ఉంటే, ఆ సామెతకు ఒక మినహాయింపు చేర్చి ఉండేవారు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది. అది మా బండికి వర్తించదు. వర్తించినా, పగటిపూట వెలుగుతోందని నిరూపించడానికి ఇద్దరు సాక్షులు కావాలి.

ఇందులో బండి తయారుచేసినవారి దోషం లేదు, దోషమంతా వయసుది. 35 వాట్ల బల్బు 12 వోల్టుల మీద సుమారు 3 ఆంపియర్లు తాగితే, 6 వోల్టుల మీద దాదాపు 6 తాగుతుంది. అంత కరెంటు దశాబ్దాల నాటి సన్నని తీగలోంచి, నల్లబడ్డ స్విచ్చిలోంచి, తుప్పుపట్టిన ఎర్తులోంచి నడిచేసరికి వోల్టేజి దారిఖర్చులకే కరిగిపోతుంది. లోపలి సన్నతీగ కాగి వెలిగే ఫిలమెంటు బల్బుకు అభిమానం జాస్తి. వోల్టేజి 10 శాతం తగ్గిందంటే వెలుగులో దాదాపు 30 శాతం కోసేసి అలుగుతుంది. కాబట్టి మందపాటి తీగ ఒకటి, స్విచ్చికి బదులు కరెంటు భారం మోసే రిలే ఒకటి వేసి, ఎర్తు గీకి బిగిస్తే సగం రోగం కుదురుతుందని పుదుప్పేటలో ఒక ముసలి మెకానిక్కు నాకు ఉచితంగా సెలవిచ్చాడు.

ఒక గౌరవనీయుడైన గృహస్థుకు ఇవ్వదగిన సలహాయేనా ఇది? తీగ ట్యాంకు కింద దాక్కుంటుంది, రిలే హెడ్‌లైటు డొప్పలో దాక్కుంటుంది. ఆదివారం ఉదయం మెరీనా దగ్గర నలుగురు పాత బళ్ళవాళ్ళు చేరినప్పుడు ట్యాంకు విప్పి తీగ చూపించుకుంటామా? బాగుచేసిన దానికి ప్రేక్షకులు ఉండరు, మార్చిన దానికే ఉంటారు. పోనీ మొత్తం 12 వోల్టులకు మార్చుదామంటే బ్యాటరీ, రెగ్యులేటరు, హారను, వెనకలైటు బల్బు వరకు వరసగా చేతులు చాస్తాయి.

అందువల్ల సర్వసమ్మతమైన మార్గంగా, పాత అద్దం, పాత రిమ్ము అలాగే ఉంచి, లోపల మాత్రం ఎల్‌ఈడీ బల్బు పెట్టించాను. పురాతనత్వానికి భంగం లేదు, వెలుగుకు లోటు లేదు. బల్బు వెనకుండే రిఫ్లెక్టరు అనేది, ఫిలమెంటు ఒక్క బిందువులో ఉంటుందని నమ్మి వంపు తీర్చుకున్న వస్తువనీ, దీపం ఆ చోటు నుంచి కాస్త జరిగితే వెలుగు రోడ్డు వదిలి దిక్కులు పట్టిపోతుందనీ ఆ మెకానిక్కు అప్పుడే అన్నాడు కానీ, ఉచితంగా అన్నమాటకు విలువేముంది?

ఆ రాత్రి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఎదురొచ్చిన లారీవాడు నా దీపం చూసి తన హైబీము వేశాడు. ఇద్దరం కళ్ళు మూసుకుని, ఒకరి ప్రతిష్ఠకు ఒకరం దారి ఇచ్చుకున్నాం. గుంత మాత్రం నాకు కనబడలేదు.

వంగిన చక్రపు రిమ్ముతో తెల్లవారుజామున మూడింటికి ఇంటి ముందు ఆగేసరికి వేపచెట్టు మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచి అరిచాయి. మేడ మీంచి మామగారు తొంగిచూసి, "తెల్లవారినట్టుంది, పాలవాడు రాలేదేం అల్లుడుగారూ?" అని అడిగారు.