మనోభావాలకు మెచ్యూరిటీ డేట్

ప్లాస్టిక్ బొమ్మకు మనోభావాలేమిటని నవ్వేవాళ్లకు బార్బీ బొమ్మలు చేసే అమెరికా కంపెనీ మాటెల్ చరిత్ర తెలియదన్నమాట. పదకొండున్నర అంగుళాల బార్బీకీ మనోభావాలుంటాయి. అవి దెబ్బతింటాయి, కోర్టుకెక్కుతాయి. సరైన రేటు పలికితే నయమవుతాయి కూడా. ఈ చివరి సంగతిని వైద్యశాస్త్రం ఎందుకో ఇంకా పట్టించుకోలేదు.

1997లో ఆక్వా అనే బ్యాండ్ డెన్మార్క్ నుంచి ‘బార్బీ గర్ల్’ అనే డాన్స్ పాట వదిలింది. బొమ్మను ఆటపట్టించే పాట. గొడవ వస్తుందని తెలిసే కాబోలు, ‘ఇది సామాజిక వ్యాఖ్య, బొమ్మ తయారీదారులు చేసిందీ కాదు, ఆమోదించిందీ కాదు’ అని ఆల్బమ్ మీద ముందే అచ్చేశారు. మాటెల్ కరగలేదు. చిన్నపిల్లల బొమ్మ పరువు పోతోందని, ఈ పాట మేమే చేయించామని జనం పొరబడతారని కేసు వేసింది. ఆ గమనిక సంగతేమిటని అడిగితే, అది బ్యాంకు దోచుకుంటూ క్యాషియర్ చేతిలో క్షమాపణ చీటీ పెట్టడం లాంటిదని కంపెనీ ప్రతినిధి సెలవిచ్చారు. దాంతో రికార్డు కంపెనీ ఎంసీఏకు కూడా మనోభావాలు మొలిచాయి. మమ్మల్ని దొంగలంటారా అంటూ అదీ ఎదురు దావా వేసింది.

చట్టం తన పని తాను చేసుకుపోయింది. చేసుకుపోవడానికి ఐదేళ్లు పట్టింది. 2002లో అమెరికా అప్పీలు కోర్టు జడ్జి అలెక్స్ కొజిన్‌స్కీ ఇద్దరి వాదనలూ తోసిపుచ్చి, తీర్పు చివర ఒక్క వాక్యం రాశారు: ఇరుపక్షాలూ కాస్త చల్లబడాలని సలహా. మాటెల్‌కు చల్లబడటం ఇష్టం లేదు. సుప్రీంకోర్టు తలుపు కొట్టింది. 2003లో ఆ తలుపు తెరుచుకోలేదు.

ఇక్కడ గిట్టనివాళ్లు ఒక పాత కథ తవ్వుతారు. సాక్షాత్తూ ఆ జడ్జిగారే తీర్పులో తవ్వారు, కాబట్టి దాచి లాభం లేదు. 1950లలో జర్మనీలో బిల్డ్ లిల్లీ అనే బొమ్మ ఉండేది. ఒక పత్రికలోని కార్టూన్ పాత్ర ఆధారంగా చేసింది. మగవాళ్లు సరదాకి ఒకరికొకరు ఇచ్చుకునే బాపతు. మాటెల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన రూత్ హ్యాండ్లర్ 1956లో స్విట్జర్లాండ్ వెళ్లినప్పుడు దాన్ని చూసి, కొని, అమెరికా తీసుకెళ్లారు. 1959లో బార్బీ పుట్టింది, అచ్చం మేనత్త పోలికలతో. 1961లో లిల్లీ తరఫువాళ్లు కేసు వేశారు. 1963లో రాజీ, మరుసటి ఏడాది లిల్లీ హక్కులే మాటెల్ చేతికి. పాటల లోకంలో ఇలా పాత పాట ముక్క తీసుకుని కొత్త పాట కట్టడాన్ని శాంపిలింగ్ అంటారు. బొమ్మల లోకంలో ప్రేరణ అంటారు. రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం, పైగా ఒకదానికి లాయర్లు ఎక్కువ.

మళ్లీ మన కథానాయిక దగ్గరికి వద్దాం. 2009లో మాటెల్ అదే పాటను సాహిత్యం మార్చి తన ప్రకటనల్లోనే వాడింది. కోర్టులో ఓడిన ఏడేళ్లకు పాటలోని దోషం మాటల్లోనే ఉందని, బాణీ పతివ్రతేనని తేలిందన్నమాట.

అసలు పెళ్లి 2023లో జరిగింది. మాటెల్ స్వయంగా భాగస్వామిగా ఉన్న బార్బీ సినిమా కోసం నిక్కీ మినాజ్, ఐస్ స్పైస్ కలిసి ‘బార్బీ వరల్డ్’ అనే ర్యాప్ సింగిల్ చేశారు. ఆక్వా పాటలోంచి జనం నోట్లో నానిన ‘హుక్’ అనే ఆ పల్లవి ముక్క‌ను కత్తిరించి, దాని కింద డ్రిల్ అనే ర్యాప్ శైలి డ్రమ్స్ దించారు. పేరు పక్కన ‘ఆక్వాతో కలిసి’ అని గౌరవంగా వేశారు. ఇద్దరు ర్యాపర్ల మాటలూ సత్సంగంలో పాడుకునేవేం కావు. అయినా ఈసారి ఏ పసి మనసూ గాయపడలేదు. సినిమా 140 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది కదా, గాయపడే తీరికెక్కడిది?

కాబట్టి నా వినయపూర్వక సూచన: మనోభావాలను ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా గుర్తిస్తూ ఒక చట్టం తేవాలి. 1997లో దెబ్బతిన్నట్టు జమ చేసి, 2023లో వడ్డీతో సహా విత్‌డ్రా చేసుకోవచ్చు. ‘బార్బీ వరల్డ్’ పాట నిడివి ఒక నిమిషం నలభై తొమ్మిది సెకన్లు. ఐదేళ్ల వ్యాజ్యానికి ఇంత పొదుపైన ముగింపు ఏ లోక్ అదాలత్‌లోనూ దొరకదు. చిన్న వెలితి మాత్రం ఉంది. పరువు తీసిన పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల పట్టికలో ఏడో స్థానం దాకా ఎక్కింది. పరువు నిలబెట్టిన పాట కూడా సరిగ్గా ఏడో స్థానం దగ్గరే ఆగింది. పరువుకు మార్కెట్‌లో విడిగా ధర లేదనుకోవాలా?

గ్రామీ సంగీత అవార్డుల్లో కూడా ఈ ర్యాప్ పాట రెండు నామినేషన్లతోనే సరిపెట్టుకుంది. ఆ రెంటిలో సినిమా పాటల అవార్డు అదే సినిమాలోని మరో పాటకు వెళ్లింది. అది బిల్లీ ఐలిష్ పాడిన దిగులు పాట. ‘నన్ను దేనికోసం తయారుచేశారు’ అని అందులో బొమ్మ అడుగుతుంది. ఊరికే అంత బాధపడింది పాపం. లీగల్ డిపార్ట్‌మెంట్‌ను అడిగి ఉంటే ఒక్క లైనులో చెప్పేవాళ్లు.