పక్కింటి గోడ పక్కన గొయ్యి తవ్వే ముందు

ఇల్లు పెంచుకుందాం అనుకోగానే ఎవరైనా ముందు డబ్బు లెక్క వేసుకుంటారు, తర్వాత ప్లాను గీయిస్తారు, ఆ తర్వాత మేస్త్రీని వెతుకుతారు. పక్కింటివాళ్లు ఆ లెక్కలో ఎక్కడో చివరన ఉంటారు, చాలాసార్లు అసలు ఉండరు. పునాది తీసిన మూడో రోజో నాలుగో రోజో వాళ్ల హాలు గోడ మీద వెంట్రుకంత బీట కనిపిస్తుంది. అప్పుడు గేటు దగ్గరికి వస్తారు, గొంతు పెంచుకునే వస్తారు.

ఆ బీట కొత్తదా, పాతదా? ఇవతలివాళ్లు "అది పదేళ్ల నుంచీ ఉంది" అంటారు. అవతలివాళ్లు "మొన్న రంగులు వేయించినప్పుడు లేదు" అంటారు. తమాషా ఏమిటంటే ఇద్దరూ నమ్మే అంటారు. పక్కవాడి జాగా మింగేయాలనే దురాశతో మొదలయ్యే తగాదాలూ ఉన్నాయి, కాదనను. కానీ గోడ తగాదాల్లో ఎక్కువ భాగం ముదిరేది, పని మొదలవక ముందు ఏం ఉందో ఎవరి దగ్గరా కాగితం మీద లేకపోవడం వల్లే. ఆ కాగితం పని చట్టం చేయించాలి, కేవలం మంచితనానికి వదిలేయకూడదు అన్నది నా వాదన.

"పర్మిషన్ ఉంది కదా" అనే మాట మొదట వినిపిస్తుంది. ప్లాను ఆమోదించేవాళ్లు చూసేది ఎత్తు ఎంత, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు, రోడ్డు ఎంత వెడల్పు అనేవి. హద్దు సరిగ్గా ఎక్కడుంది, మధ్య గోడ ఎవరిది అన్నది తేల్చడం వాళ్ల పని కాదు. కట్టుకోవడానికి వచ్చిన అనుమతి, పక్కవాడి గోడకి రంధ్రం పెట్టి దూలం ఆనించడానికి అనుమతి అయిపోదు. ఆ రెండూ ఒకటేననుకుని మొదలుపెట్టినవాళ్లే స్టే ఆర్డరు చేతికొచ్చాక తెల్లబోతారు.

ఇక హద్దు. దస్తావేజులో గీత ఉంది కాబట్టి హద్దు తెలిసిపోయినట్టే అనుకుంటాం. ఇంగ్లండ్‌లో పట్టణాల ఆస్తి పటాలు సాధారణంగా 1:1250 స్కేలులో ఉంటాయి. ఆ లెక్కన కాగితం మీద 1 మిల్లీమీటరు అంటే నేల మీద 1.25 మీటర్లు. పెన్ను గీత మందమే నేల మీద అడుగు దాటిపోతుంది, గోడ దగ్గర గొడవ మాత్రం నాలుగంగుళాల మీద. అందుకే అక్కడి 2002 నాటి భూ రిజిస్ట్రేషన్ చట్టం, ప్రత్యేకంగా నిర్ణయించుకుంటే తప్ప రిజిస్టరులో కనిపించేది సుమారు హద్దు మాత్రమేనని తనే ఒప్పేసుకుంది. పటం చేతిలో పెట్టుకుని పక్కింటివాళ్ల మీదికి వెళ్లేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా సగం టెన్షన్ తగ్గుతుంది.

పైగా హద్దు నేల మీద గీసిన గీత మాత్రమే కాదు, అది కిందికీ పైకీ పోతుంది. తొమ్మిదంగుళాల గోడని సరిగ్గా హద్దు అంచుకి మన వైపే కట్టాం అనుకోండి. దాని కింద ఫుటింగ్, అంటే పునాది అడుగు, గోడకంటే వెడల్పుగా ఉంటుంది కదా, ఆ వెడల్పులో కొంత పక్కవాడి మట్టిలోకి పోతుంది. పూడ్చేశాక ఎవరికీ కనిపించదు. పదేళ్ల తర్వాత పక్కవాడు తన పునాది తీసేటప్పుడు గడ్డపారకి కాంక్రీటు తగులుతుంది, అప్పుడు మొదలవుతుంది అసలు కథ. సన్‌షేడూ, చూరు నీళ్లూ, కొత్తగా బిగించిన ఏసీ పెట్టె నుంచి కారే నీళ్లూ కూడా ఇదే కోవలోవి. మనం నేల ఎత్తు పెంచుతూ పక్కింటి గోడకి ఆనుకునేలా మట్టి పోస్తే, వాళ్లకి లోపలివైపు చెమ్మ దిగి ప్లాస్టరింగ్ పొక్కులుగా లేస్తుంది. దానికి మనమే కారణమని వాళ్లకి తెలిసేసరికి ఒకటో రెండో వానాకాలాలు గడిచిపోతాయి.

మధ్య గోడ ఎవరిదనే ప్రశ్నకి 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్ ఇచ్చిన జవాబు నాకు భలే నచ్చుతుంది. రెండు ఇళ్ల మధ్య గోడ, వేరే రుజువు లేకపోతే ఉమ్మడిదే అనుకోవాలని అది మొదలుపెడుతుంది. తర్వాత రుజువు ఎక్కడ వెతకాలో కూడా చెబుతుంది. గోడ నెత్తి మీదికి చూడండి. పైభాగం ఒకవైపు నిటారుగా ఉండి, రెండోవైపుకే వాలుగా ఉంటే, వాన నీళ్లు ఏ ఇంటి వైపు జారతాయో గోడ ఆ ఇంటిదే. ఎవరూ తన నీళ్లు పక్కవాడి జాగాలో పోసుకునేలా గోడ కట్టరన్న లోకజ్ఞానమే ఇక్కడ చట్టమయింది. ఉమ్మడి గోడని ఎత్తు పెంచుకోవచ్చు, ఆ ఖర్చు పెంచినవాడిదే. గోడలో గూడు తొలవాలన్నా, ఏదైనా ఆనించాలన్నా పక్కవాడు ఒప్పుకోవాలి. అతను కాదంటే, అతనికి నష్టం లేకుండా ఎలా చేయాలో నిపుణులు తేలుస్తారు.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద చిక్కు మాత్రం గోడలో కాదు, దాని పక్కన తీసే గొయ్యిలో ఉంది. ఒక పాత ఇల్లు ఊహించుకోండి. దాని పునాది మూడడుగుల లోతుంది. మనం రెండంతస్తులకి సరిపడా ఐదడుగులు దింపుతాం. పొడవునా ఒక్క పూటలో మెషీన్‌తో తవ్వేస్తాం. సాయంత్రానికి గొయ్యి అంచున మట్టి చక్కగా కోసిన కేకులా నిలబడి ఉంటుంది, ఏమీ కాలేదనిపిస్తుంది. రాత్రి జల్లు పడుతుంది. పాత పునాది అడుగు నుంచి ఇసుక సన్నగా, చప్పుడు లేకుండా జారడం మొదలవుతుంది. రెండు రోజులకి అవతలి ఇంట్లో కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట పడుతుంది, తలుపు గడియ పట్టదు.

దీన్ని తప్పించుకునే పద్ధతి ఉంది. పొడవంతా ఒకేసారి తెరవకుండా, మీటరు, మీటరుంబావు ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి కాంక్రీటు నింపుతారు. అది గట్టిపడ్డాకే మధ్య ముక్కలు తెరుస్తారు. ఒక్క రోజు పని వారాలకి సాగుతుంది. "ఇన్నాళ్ల నుంచి కడుతున్నా, నాకు తెలీదా" అనే మేస్త్రీ దీనికి ఒప్పుకోడు. కానీ నష్టం జరిగితే "తప్పు కాంట్రాక్టరుది" అని యజమాని తప్పుకోవడం కుదరదని 1881లోనే డాల్టన్ వర్సెస్ ఆంగస్ కేసులో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చేసింది. పక్క నేల ఆసరాతో ఓ భవనం 20 ఏళ్లు నిలిచి ఉంటే ఆ ఆసరా దాని హక్కవుతుందని చెప్పిందీ ఆ కేసే.

ఆ మరుసటి ఏడు వచ్చిన మన 1882 ఈజ్‌మెంట్స్ (పక్కవాడి ఆస్తి మీద మనకుండే హక్కుల) చట్టంలోనూ ఆ 20 ఏళ్ల లెక్క కనిపిస్తుంది. ఖాళీ నేలకి పక్క నేల ఆసరా సహజంగానే హక్కు. దాని మీద ఇల్లు లేస్తే మాత్రం, ఆ ఇంటి బరువుకి ఆసరా హక్కు 20 ఏళ్లు అడ్డులేకుండా గడిస్తే గానీ రాదు. గాలికీ వెలుతురుకీ కూడా అంతే. సరే, హక్కు ఉంది. అది ఎప్పుడు పనికొస్తుంది? దెబ్బ తగిలాకో, తగలబోతోందని కోర్టుకెళ్లి ఇంజంక్షన్, అంటే పని ఆపమనే ఉత్తర్వు, అడిగినప్పుడో. తవ్వేవాడు వెళ్లి పక్కవాడికి ముందు చెప్పాలని ఆ చట్టంలో లేదు.

ఆ పని ఇంగ్లండ్, వేల్స్ చేశాయి. 1666 అగ్నిప్రమాదం తర్వాత లండన్‌ని మళ్లీ కట్టేటప్పుడే అక్కడ ఉమ్మడి గోడలకి నియమాలు పెట్టారు. ఆ తీరు 1996 నాటి పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) చట్టంతో ఇంగ్లండ్, వేల్స్ అంతటికీ వచ్చింది, 1997 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఉమ్మడి గోడని ముట్టుకోవాలంటే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. పక్క భవనానికి 3 మీటర్ల లోపల, దాని పునాది కంటే లోతుగా తవ్వాలంటే నెల ముందు ఇవ్వాలి. 14 రోజుల్లో పక్కవాడు ఒప్పుకోకపోతే, ఉలుకూ పలుకూ లేకపోయినా సరే, వివాదం ఉన్నట్టే లెక్క. అప్పుడు ఇద్దరూ కలిసి ఒక సర్వేయరునో, చెరొకరినో పెట్టుకుంటారు. పని ఎలా, ఏ వేళల్లో జరగాలో వాళ్లు రాసి ఇస్తారు. పక్క ఇంటి స్థితిని పనికి ముందే గది గదీ తిరిగి నమోదు చేస్తారు. ఖర్చు మామూలుగా కట్టుకునేవాడిదే.

ఇందులో నాకు నచ్చింది నోటీసు కంటే దాని వెనకున్న లెక్క. పని ఎలా జరగాలో అడిగే హక్కు పక్కవాడికి ఉంది, చట్టం అనుమతించిన పనిని ఆపేసే హక్కు లేదు. కట్టుకునేవాళ్లు పక్కవాళ్లకి ముందుగా చెప్పకపోవడానికి అసలు కారణం భయమే. చెబితే ఏదో ఒక మెలిక పెడతారు, పాత కక్ష తీర్చుకుంటారు, డబ్బడుగుతారు అని. "కాదు" అన్నంత మాత్రాన పని ఆగదని తెలిస్తే చెప్పడానికి ధైర్యం వస్తుంది.

అది కూడా గొప్ప చట్టమేం కాదు. చిన్న గది వేసుకునేవాడికి ఇద్దరు సర్వేయర్ల ఫీజు బరువే. పైగా 2023లో అక్కడి కోర్ట్ ఆఫ్ అప్పీల్, యజమాని అసలు నోటీసే ఇవ్వకుండా పని చేసేస్తే ఈ చట్టంలోని పరిష్కార పద్ధతి వర్తించదని, మామూలు దావాయే దారి అని తేల్చింది. అంటే మొండిగా తవ్వేసినవాడి ముందు పక్కవాడు మళ్లీ కోర్టు మెట్లే ఎక్కాలి. మన దగ్గర ఇలాంటిది రాసేటప్పుడు ఈ కన్నం ముందే పూడ్చాలి. ప్లాను దరఖాస్తుతో పాటు పక్కింటికి ఇచ్చిన నోటీసు రసీదు జత చేయాలంటే చాలు, కొత్త ఆఫీసులూ అక్కర్లేదు.

అప్పటిదాకా చేతిలో ఉన్న పని చిన్నదే. గడ్డపార దిగే ముందు పక్కింటివాళ్లని వెంటపెట్టుకుని వాళ్ల గోడలన్నీ ఫొటోలు తీయండి, బీట ఉన్నచోట పక్కనే స్కేలు ఆనించి. ఆ ఫొటోల మీద ఇద్దరూ తేదీ వేసి సంతకాలు పెట్టి చెరో సెట్టు ఉంచుకోండి. పాత బీటకి అడ్డంగా సన్నటి గాజు ముక్క ఒకటి, రెండు చివరలా ప్లాస్టరుతో అతికించి, దాని మీద కూడా తేదీ రాయండి. గోడ కదిలితే ముందు ఆ గాజు పగులుతుంది. పగిలిన రోజు కాంక్రీటు లారీ గేటు దగ్గర నిలబడి ఉన్నా సరే, పని ఆపి ఇంజినీరుకి ఫోన్ చేయండి.