గ్రేహౌండ్ రక్తపరీక్ష వేరు
రిటైరైన రేసు గ్రేహౌండ్ కుక్కల పెంపకం మీద వచ్చిన వ్యాసంలో వాటికి మెత్తటి పరుపు, చలికి కోటు గురించి చక్కగా చెప్పారు. రక్తపరీక్షల సంగతి కూడా ఉండాల్సింది. వీటికి రక్తంలో ఎర్రకణాల శాతం 50–65 ఉండటం మామూలే. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే కొలత) మిగతా కుక్కలకంటే కాస్త ఎక్కువ. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు), థైరాయిడ్ హార్మోన్ టీ4 తక్కువ. టీ4 ఒక్కటే చూసి థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టడం పెద్ద పొరపాటు.

పళ్లు తీయించాల్సి వస్తే (చిగుళ్ల జబ్బు వీటికి ఎక్కువ, రోజూ బ్రష్ చేయాల్సిందే) మత్తుకు థయోపెంటాల్ వద్దని ముందే మాట్లాడుకోండి. ఒంట్లో కొవ్వు తక్కువ, కాలేయం ఆ మందును నెమ్మదిగా విరుస్తుంది. తేరుకోవడానికి గంటలు పడుతుంది. ఇంకోటి, ఆపరేషన్ రోజు బాగానే ఉండి రెండోరోజు గాయం చుట్టూ కమిలి రక్తం కారవచ్చు. మూడు రోజులు పూటపూటా చూడండి. రక్తం కారడాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మందు అవసరమేమో డాక్టర్‌గారిని ముందే అడగండి.