టీ ఇచ్చే చేతులే తలుపు కూడా తీయాలి

విమానం చక్రాల్లో తేడా వచ్చిందంటే చాలు, మన చానళ్లన్నీ పైలట్ చుట్టూ తిరుగుతాయి. పైలట్లను మెచ్చుకోవాల్సిందే, కాదనను. మరి వెనక క్యాబిన్‌లో జనాన్ని కూర్చోబెట్టిందెవరు?

మొన్న హైదరాబాద్ నుంచి వైజాగ్ వస్తుంటే నా పక్కాయన సేఫ్టీ డెమో జరిగినంతసేపూ రీల్స్ చూశాడు, తర్వాత ఆ డెమో చూపించిన ఎయిర్‌హోస్టెస్ అమ్మాయినే చిటికేసి నీళ్లు అడిగాడు. దిగే ముందు ఆ అమ్మాయి మనవైపు తిరిగి ఉన్న మడతసీట్లో బెల్టు బిగించుకుని, మాట్లాడకుండా కూర్చుంది. ఆ కాసేపూ ఏం చేస్తారో తెలుసా? ఇప్పుడేదైనా జరిగితే ఏమని అరవాలి, ఏ తలుపు నాది, ఎవరిని సాయానికి పిలవాలి అని మనసులో తిరగేసుకుంటారు. ట్రైనింగ్‌లో నేర్పేదే అది.

చక్రం మొరాయిస్తే కెప్టెన్ ఇంటర్‌కమ్‌లో ఏమైంది, ఏం చేయబోతున్నాం, టైమెంతుంది అని ముక్తసరిగా చెప్తాడు, క్యాబిన్ సిబ్బందిలో సీనియర్ ఆ మాటల్నే తిరిగి ఆయనకు అప్పజెప్పాలి. ఆ ఉన్న టైములోనే ట్రాలీలు లాక్ చేయాలి, హైహీల్స్ విప్పించాలి, తల వంచి ఎలా కూర్చోవాలో ఏడుస్తున్నవాళ్లకు కూడా చూపించాలి. ముందు చక్రం కూలితే తోక పైకి లేస్తుంది, వెనక తలుపు దగ్గర గాలి నింపిన జారుడుబల్ల నిటారుగా వేలాడొచ్చు. కిటికీలోంచి మంటలున్నాయా, నేల ఎంత కిందుందీ చూసి ఆ తలుపు తీయాలో వద్దో తేల్చాల్సింది కాక్‌పిట్ కాదు, అక్కడ నిలబడ్డ మనిషే. సగం తలుపులే పనిచేసినా 90 సెకన్లలో అందరూ బయటపడగలగాలి, పెద్ద విమానాలకు పెట్టే పరీక్షే అది.

ఇవన్నీ ఎప్పుడో జరిగేవి, రోజూ చేసేది శాండ్‌విచ్‌లు అమ్మడమేగా అంటారు కొందరు. ఎప్పుడో జరిగేవి కాబట్టే సాధన కావాలండీ, రోజూ జరిగేదానికి డ్రిల్లెందుకు?

2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయ్ వెళ్లిన విమానం, మళ్లీ పైకి లేపే ప్రయత్నంలో చక్రాలు ముడుచుకుంటుండగా రన్‌వే మీద పొట్టతో పడింది. వీడియో చూసే ఉంటారు, పొగ కమ్ముతుంటే మనవాళ్లు బ్యాగులు వెతుక్కుంటున్నారు, వదిలేయండని క్రూ గొంతు చించుకుంటున్నారు. లోపలున్న 300 మందీ బతికారు.

మన వైజాగ్ సంగతికొస్తే, డ్రిల్లంటే మనకు ఫొటోల కార్యక్రమం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఇళ్లలోకి చొరబడితే సైరన్ మోగలేదు. ప్లాంటులో సైరన్లు ఉండీ వాడలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. జనం ఎటు పోవాలో తెలియక పరిగెత్తి రోడ్ల మీదే కుప్పకూలారు, 12 మంది పోయారు. రిఫైనరీ, స్టీల్ ప్లాంటు, ఫార్మా కంపెనీలు అన్నీ చుట్టూ పెట్టుకున్న ఊరిది. 1997లో రిఫైనరీ మంటలు చూసిన మల్కాపురంలోనే ఎవరినైనా ఆపి అడగండి, ఈ రాత్రి సైరన్ మోగితే పిల్లల్ని తీసుకుని ఎటు వెళ్తారో.