ఒక్క చిల్లు కోసం

మా ఇంటికి 55 అంగుళాల టీవీ వేంచేసింది. మనం నోటితో చెప్పింది వింటుంది. అది చెప్పింది మనం వినాలంటేనే చిక్కు. హెడ్‌ఫోన్ పెట్టుకునే చిల్లు దానికి లేదు.

పాత డబ్బా టీవీకి ఆ చిల్లు ముందువైపే, బొత్తాల పక్కన ఉండేది. 3.5 మిల్లీమీటర్లు. సామాన్యమైన వంశం కాదు దానిది. 19వ శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్చేంజీ ఆపరేటర్లు బల్లలోకి గుచ్చిన లావుపాటి ప్లగ్గు దాని తాత. ఇన్నేళ్ళలో ఎవరికీ అపకారం చేయలేదు. అందుకే కాబోలు తీసేశారు.

సేవాకేంద్రానికి ఫోను చేశాను. ‘‘మీది ప్రీమియం మోడల్ సార్, అందులో జాక్ ఉండదు’’ అన్నాడు అబ్బాయి, అభినందిస్తున్నట్టు. ధర పెరిగేకొద్దీ చిల్లులు తగ్గుతాయన్నమాట. ఇంకో లక్ష పోస్తే కరెంటు తీగ కూడా ఉండదేమో.

మా అమ్మకు 78 ఏళ్ళు. వినికిడి తగ్గింది. ఆవిడకు వినపడేలా పెడితే ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి పుస్తకాలతో మేడెక్కుతుంది. సేవాకేంద్రం అబ్బాయి సలహా మీద బ్లూటూత్ హెడ్‌ఫోన్ కొన్నాను. బొమ్మ ముందు వస్తుంది, మాట వెనక వస్తుంది. శబ్దాన్ని మూటగట్టి, గాలిలో పంపి, అవతల విప్పేసరికి సెకనులో ఐదో వంతు పోవచ్చు. పాటకు ఫరవాలేదు. అమ్మ చూసేది సీరియల్.

ఆ రోజు అత్తగారు కోడలి చెంప పగలగొట్టింది. మన సీరియళ్ళలో చెంపదెబ్బ ఒక్కసారి పడదు కదా. ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి, తోటికోడలు నోరు తెరవగానే మరోసారి. మొదటి దెబ్బ మోత రెండో దెబ్బ మీద పడింది. రెండో మోత తోటికోడలికి దక్కింది. మూడోది ప్రకటనలో సబ్బు రుద్దుకుంటున్న పసిబిడ్డకు తగిలింది. అమ్మ ఉలిక్కిపడి ‘‘అయ్యో, బిడ్డను ఎందుకు కొట్టార్రా?’’ అంది. తరువాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ ‘‘నా కళ్ళు ముందు నడుస్తున్నాయి, చెవులు వెనకబడ్డాయి, డాక్టరుకు చూపించు’’ అంది. డాక్టరుకు చూపించాల్సింది ఎవరిని?

అది కూడా నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. హెడ్‌ఫోన్ కలిపిన మరుక్షణం టీవీ స్పీకర్లు మూగబోయాయి. అమ్మకు వినిపిస్తే మాకు వినిపించదు, మాకు వినిపిస్తే అమ్మకు లేదు. రెండు చోట్లా శబ్దమిచ్చే టీవీలు బజారులో ఉన్నాయి, అంటే చేతకాక కాదు, అక్కరలేక. దీన్ని తయారుచేసినవాళ్ళ ఇళ్ళలో ముసలివాళ్ళు లేరా? వినపడనివాళ్ళు ఇంట్లోవాళ్ళ పక్కన కూర్చుని టీవీ చూడకూడదా? నాలుగు రోజులు చూసి ఆవిడే హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. ‘‘మీరు వినండిరా, నేను బొమ్మలు చూస్తాను’’ అంది. ఆ మాట అనిపించినందుకు ఈ సిగ్గులేని అద్దం పలకను గోడతో సహా పగలగొట్టాలనిపించింది. కిస్తీలు ఇంకా పద్దెనిమిది ఉన్నాయి.

మెనూలో ‘టీవీ స్పీకర్, ఆప్టికల్’ అని రెండూ కలిపి ఒక చోట కనిపించింది. ఆప్టికల్ అంటే శబ్దాన్ని వెలుతురుగా తీగలో పంపే దారి. దాన్ని మళ్ళీ హెడ్‌ఫోన్ చిల్లుకు అందించే కన్వర్టర్ డబ్బా తెచ్చాను. ఆప్టికల్ చిల్లు టీవీ వెనక ఉంది, టీవీ గోడకు రెండంగుళాల దూరంలో ఉంది. మా ఆవిడ ఫోను లైటు పట్టుకుంది, అమ్మాయి ముఖం చూసుకునే అద్దం పట్టుకుంది, నేను గోడకు చెంప ఆనించి అద్దంలో కుడికి ఎడమకు తేడా తెలియక అరగంట పొడిచాను. తీగ సగం దూరి ఆగింది. దాని కొసకు చిటికెన గోరంత తొడుగు ఉందని, కంటికి ఆనని ప్లాస్టిక్కుతో చేశారని, తీస్తేగాని దూరదని అప్పుడు తెలిసింది.

దూరింది. శబ్దం లేదు. మెనూలో శబ్దం పంపే పద్ధతి ‘ఆటో’లో ఉంటే టీవీ శబ్దాన్ని డాల్బీ అనే మూటగా కట్టి పంపుతుందట, ఈ చవక డబ్బాకు ఆ మూట విప్పడం రాదట, పీసీఎం అనే విడి సరుకైతేనే తెలుసట. పీసీఎం పెట్టాను. అమ్మ ఒక్క గెంతు గెంతింది. ఆప్టికల్ దారికి మా రిమోటు శబ్దం తగ్గించలేదు మరి, వస్తే హోరుగా రావడమే. తీగకు శబ్దం తగ్గించే చక్రం ఉన్న హెడ్‌ఫోన్ మళ్ళీ కొన్నాను. చివరికి వారం రోజులు అందరం ఒకే సోఫాలో ఒకే చెంపదెబ్బ విన్నాం.

నిన్న రాత్రి టీవీ తనంతట తాను కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంది. ఇవాళ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే పీసీఎం ఉన్నచోట మళ్ళీ ‘ఆటో’ ఉంది. సీరియల్ నడుస్తోంది. అమ్మ హెడ్‌ఫోన్ తలకు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తెరవైపే చూస్తూ కూర్చుంది. ఎప్పటినుంచి అలా కూర్చుందో ఆవిడ చెప్పలేదు.